లాగ్‌బుక్‌లో నేను రాసిన కారణం

ఏడేళ్ళుగా ఒక వాక్యం నన్ను తినేస్తోంది. నేనే రాశాను. కింద నా సంతకం ఉంది. "పాఠాలు పాతబడ్డాయి, కొత్తగా రాయాలి." అంతే ఆ వాక్యం. ఎంత మామూలుగా ఉందో చూడండి. దీంతో ఒక మనిషిని ముంచానంటే మీరు నమ్మకపోవచ్చు. నా పేరు చెప్పను. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఈ మాట అప్పుడే ఆయనతో చెప్పి ఉండేదాన్ని.

ఆయన సింహాచలం బాబాయి. సొంత బాబాయి కాదు. భిలాయి సెక్టారు క్వార్టర్లలో మా పక్కింటాయన. బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. స్క్రూడ్రైవరు కొన బేరింగుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏం చెడిందో చెప్పేసేవాడట. అదే ప్లాంటులో పనిచేసే మా నాన్న ఇంటికొచ్చి అదో వింతలా చెప్పేవాడు. హిందీ బడిలో చదివిన నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది బాబాయే. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే. ఆ అబద్ధం రాసిందీ వాటితోనే.

రిటైరయ్యాక ఆయన ఫిట్టరు పని నేర్చుకునే అప్రెంటిస్‌ల కోసం హిందీలో నలభై పాఠాలు రాశాడు. నేను అప్పటికి భిలాయిలోనే సుపేలా బజారులో వెబ్‌సైట్లు చేసిపెట్టే దుకాణం తెరిచాను. ఆ పాఠాలకి సైటు నేనే చేశాను. చదివినవాళ్ళు ఫోన్ చేస్తే ఆయన విసుగు లేకుండా విడమరిచి చెప్పేవాడు. ప్లాంటు అలవాటు పోతుందా, సైటుకి కూడా లాగ్‌బుక్ పెట్టాడు. ఏ షిఫ్టులో ఎంతమంది చూశారు, ఏం మార్చాం, అన్నీ రోజూ అందులో ఎక్కాలి. పేజీ కింద, ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు ఉండేలాగే, రెండు గడులు: అప్పగించినవారు, తీసుకున్నవారు. ఆదివారం నేను వెళ్ళినప్పుడు ఆయన ఒక గడిలో, నేను ఇంకో గడిలో సంతకం పెట్టేవాళ్ళం. నాకు లోపల నవ్వొచ్చేది.

ఇక నా నిర్వాకం వినండి. సైటుకి ఇంకా జనం రావాలి, దాన్ని చూపించి నేను కొత్త పనులు తెచ్చుకోవాలి. అదీ నా యావ. అందుకని ఆయన నలభై పాఠాలూ తీసుకుని, ఒక్కో పాఠాన్ని చుట్టుపక్కల ఊరికొకటి చొప్పున మళ్ళీ మళ్ళీ పెట్టాను. నందిని ఫిట్టర్ల పాఠాలు, కుమ్హారి ఫిట్టర్ల పాఠాలు, ఉతై ఫిట్టర్ల పాఠాలు. లోపల ఒక్క అక్షరం తేడా లేదు, పైన ఊరి పేరొక్కటే వేరు. ఎవరు ఏ ఊరి పేరు కొట్టి వెతికినా మనదే ముందు కనబడాలని. ఆయనకి అసలు సంగతి చెప్పలేదు, పేజీలు పెంచామని మాత్రం లాగ్‌బుక్‌లో రాశాను. వచ్చేవాళ్ళు పెరిగారు. "ఉతై పిల్లలూ చదువుతున్నారు" అని బాబాయి లాగ్‌బుక్‌లో ఎర్రసిరాతో రాసుకున్నాడు.

ఆ తర్వాత, ఏ సైటు ముందు రావాలో ఏది వెనక్కి పోవాలో తేల్చే పద్ధతిని సెర్చ్ కంపెనీ మార్చేసింది. ఒకే సరుకుకి పేర్లు మార్చి పెట్టిన సైట్లని కిందికి తొక్కేయడానికే ఆ మార్పు. మాది అడుక్కి పోయింది. ఎందుకు పోయిందో, కంపెనీ ప్రకటన చదివిన పూటే నాకు అర్థమైంది. కానీ ఆ దెబ్బకి నిజాయితీగా రాసుకున్నవాళ్ళ సైట్లు కూడా కొన్ని పోయాయి, వాళ్ళంతా అన్యాయమని మొత్తుకున్నారు. నేను సిగ్గు లేకుండా ఆ గుంపులో దూరి నిలబడ్డాను.

ఆ ఆదివారం బాబాయి లాగ్‌బుక్ తెరిచి నా ముందు పెట్టాడు.

"ఏటయింది తల్లీ? మూడు దినాలై ఒక్క మనిషీ రాలేదు."

"రూల్సు మార్చేశారు బాబాయ్. అందరికీ ఇలాగే ఉంది."

"రూలు మారితే మారింది. మన మిషను ఎందుకాగిందో సూడాల కదా. నా రాతలో తప్పేటి?"

తప్పు మీది కాదు, నాది. ఈ నాలుగు మాటలూ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ నాలుగూ అని ఉంటే ఏమయ్యేది, తిట్టేవాడు, లేదా తిట్టేవాడు కూడా కాదు, పద తల్లీ విప్పి బాగుచేద్దాం అనేవాడు, ఆయన బతుకంతా చేసింది అదే కదా. కానీ నేనిలా అన్నాను:

"మీ పాఠాలు పాతబడ్డాయి బాబాయ్. వాళ్ళకిప్పుడు కొత్తగా రాసింది కావాలట."

ఆయన పుస్తకాన్ని నా వైపు తిప్పాడు. తర్వాత పెన్ను నా చేతిలో పెట్టాడు.

"అలగైతే రాసీ తల్లీ. కారణం రాయకుండా షిఫ్టు ఒగ్గకూడదు."

రాశాను. సంతకం పెట్టాను. టీ కూడా తాగి వచ్చాను.

ఆయన మర్నాటి నుంచే మొదటి పాఠం మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది మసక. భూతద్దం పట్టుకుని రాసేవాడు. నేను ఆ కాగితాలు తెచ్చి సైటులో ఎక్కించేదాన్ని, నా దొంగ పేజీల పక్కనే. ఎందుకు తీసేయలేదు వాటిని? పేజీలు తగ్గితే లాగ్‌బుక్‌లో కనబడుతుంది, ఆయన అడుగుతాడు. అంతే కారణం. ఏడాది పోయాక వారానికి కొన్ని చొప్పున, ఆయన గుర్తుపట్టకుండా తీసేశాను. సైటు మళ్ళీ పైకి రాలేదు.

అసలు దెబ్బ అది కాదు. ఒకసారి నేను అక్కడ ఉండగానే ఎవరో ఫోన్ చేసి ఏదో బేరింగు గురించి అడిగారు. బాబాయి విని, "నాది పాత చదువు బేటా, కిసీ ఔర్ సే పూఛ్ లో" అని, ఇంకెవరినైనా అడగమని ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. చెవితో మిషను జబ్బు పట్టే మనిషి. నా మాట విని తన చెవిని తానే నమ్మడం మానేశాడు. అప్పుడైనా చెప్పానా? లేదు. ఆయనకి నా మీద ఉన్న నమ్మకం పోతుందని భయపడ్డాను. ఆయనకి తన మీద ఉన్నది పోయినా పరవాలేదనుకున్నానన్నమాట. ఛీ.

బాబాయి కిందటి వానాకాలంలో పోయాడు. వాళ్ళమ్మాయి పద్మ లాగ్‌బుక్ తెచ్చి నా చేతికిచ్చింది. "నీకే ఇమ్మన్నాడు దీదీ, నాన్న" అంది. నేను రాసిన వాక్యం తర్వాత పేజీలకి పేజీలు ఆయన దస్తూరీయే. పాఠం తొమ్మిది మళ్ళీ రాశాను, చూసినవాళ్ళు సున్నా. పాఠం ఇరవై మళ్ళీ రాశాను, సున్నా. ఆఖరిది ఇది: "పాత పాఠం, కొత్త పాఠం పక్కపక్కన పెట్టి చదివాను. తేడా కనబడలేదు. నాకే తెలియడం లేదేమో."

మీకు తెలిసింది బాబాయ్. సరిగ్గా నిజం దాకా వచ్చారు. అక్కడికొచ్చి కూడా నన్ను అనుమానించలేదు.

ఈ పొద్దున దుకాణంలో కూర్చుని ఆ ఆఖరి వాక్యం కింద అసలు కారణం రాశాను. ఒకే పాఠాన్ని ఊళ్ళ పేర్లు మార్చి నేను పెట్టాను, అందుకే సైటు పడిపోయింది, పాఠాల్లో తప్పు లేదు, ఎప్పుడూ లేదు. రాశాక ఛాతీలో కొంచెం గాలి ఆడింది. అంతకు మించి ఏమీ జరగలేదు, జరగాలని అడిగే మొహం కూడా నాకు లేదు.

అప్పగించినవారు అన్న గడిలో సంతకం పెట్టాను. తీసుకున్నవారు అన్న గడి ఖాళీగా ఉంది.