మూడు రౌండ్ల వెట్టి

ఇంట్లో అతన్ని స్క్రూ అనే పిలుస్తారు. ఏడేళ్లప్పుడు అమ్మ మిక్సీని విప్పి, మళ్లీ బిగించి, ఒక స్క్రూ మిగిల్చాడు. మిక్సీ బాగానే తిరిగింది, పేరు మాత్రం అంటుకుంది. ఏదీ విప్పందే ఊరుకోని ఆ చేతులే అతన్ని కంప్యూటరు చదువులోకి లాక్కెళ్లాయి. ఇప్పుడా చదువు చివరికొచ్చింది. ఏదైనా కంపెనీలో ఇంటర్న్‌గా చేరినట్టు నెలాఖరులోగా కాలేజీకి లెటరు చూపించాలి. లేదంటే ఏడాది వెనక్కి. అప్పటికే రెండు కంపెనీలు మొండిచెయ్యి చూపించాయి. ఇది మూడోది.

బావ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. భుజాలు జారుతున్నాయి. "నువ్వు నోరు తెరిచాక చొక్కా ఎవడు చూస్తాడ్రా, పద" అంది అక్క.

ఆఫీసు మూడో అంతస్తులో ఒక్క గది. కారుతున్న ఏసీ కింద బకెట్టు, అందులో తేలుతున్న కాగితం కప్పు. మేనేజరు ఒక చెవిలో ఇయర్‌ఫోను అలాగే ఉంచుకుని, బిస్కెట్టు నములుతూ రెజ్యూమే తిప్పాడు. పొడి దులపడానికి కూడా దాన్నే వాడాడు.

"జావా వచ్చా?"

"వచ్చండీ."

"ఎవడికి రాదు?" అని తనే నవ్వుకున్నాడు. "మాటలెందుకు బాబూ, చేతల్లో చూద్దాం. ఇది ఒక ఆస్పత్రి టోకెన్ల సాఫ్ట్‌వేరు. ఒకే నంబరు ఇద్దరు పేషెంట్లకి పడుతోంది. ఎందుకో కనుక్కుని సరిచెయ్యి. అదే నీకు పరీక్ష."

స్క్రూకి ప్రాణం లేచొచ్చింది. ఈ పని చూపిస్తే లెటరు చేతిలో పడ్డట్టే అనుకున్నాడు. రెండు గంటలు తల ఎత్తలేదు. ఇద్దరు ఒకే క్షణంలో బటన్ నొక్కితే ఇద్దరికీ ఒకే అంకె ఇచ్చేస్తోంది. మొదటివాళ్ల పని తేలేదాకా రెండోవాళ్లను ఆపి ఉంచేలా నాలుగు లైన్లు రాశాడు. ఇక ఎవరి నంబరు వాళ్లదే.

ఇంతలో గుమ్మం బయట మేనేజరు ఫోనులో తేనె కారుస్తున్నాడు. "అయ్యో మేడమ్, కంగారొద్దు. మా టీం మొత్తం దానిమీదే కూర్చుంది."

స్క్రూ గది చుట్టూ చూశాడు. తనూ, పక్క కుర్చీలో కళ్లద్దాల అమ్మాయీ, బకెట్టూ.

"మీరిక్కడ పనిచేస్తారాండీ?" అన్నాడు మెల్లగా.

"లేదు, ఇంటర్వ్యూకే వచ్చా. నాది రెండో రౌండ్."

"మొదటి రౌండ్‌లో ఏమిచ్చారు?"

"లాగిన్ పేజీ. ఇందాక మీరు తెరిచారే, అదే."

"మరి తెలిసి కూడా మళ్లీ వచ్చారా?"

"మూడో రౌండ్ తర్వాత లెటరిస్తారట" అందామె, తెర మీంచి కళ్లు తీయకుండా.

"తీసుకున్నవాళ్లని చూశారా?"

"చూళ్లేదు."

స్క్రూకి ఈగ పడ్డ పాలు సగం తాగాక తెలిసినట్టుంది. రాసిందంతా చెరిపేద్దామని వేలు కీబోర్డు మీదికి పోయింది. బయట మేనేజరు ఫోను స్పీకర్‌లో పెట్టాడు.

"అరగంట అన్నారు, రెండు గంటలైంది సార్! ఇక్కడ ఇద్దరు పెద్దాళ్లు ఒకే నంబరు చీటీ పట్టుకుని కొట్టుకునేలా ఉన్నారు. మధ్యలో నన్ను తిడుతున్నారు." ఆ ఆస్పత్రి మేడమ్ గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

వేలు ఆగిపోయింది. చెరపలేదు. రాసింది ఆస్పత్రికి పంపించేశాడు.

మేనేజరు లోపలికొచ్చి, తెర చూసి భుజం తట్టాడు. "శభాష్! మంగళవారం రెండో రౌండ్."

"మరి లెటరండీ?"

"తొందరెందుకు బాబూ? నీలో సరుకుందో లేదో మేం తేల్చుకోవద్దూ?"

ఆ సరుకు అప్పటికే ఆస్పత్రిలో నడుస్తోంది. తట్టిన చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది, బావ చొక్కాకి బిస్కెట్టు పొడి అంటిస్తూ. అతని మొహాన ఖాండ్రించి ఉమ్మేయాలని స్క్రూ నోట్లో ఉమ్మి ఊరింది. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులు.

మింగేశాడు.

"ఎన్నింటికి రమ్మంటారండీ?" అన్నాడు.