క్యాసెట్‌లో మోటారు చప్పుడు

అమెరికాలో, పిస్కాటవే ఊళ్ళో దైవాశీర్వాదంగారిది మోటార్లు బాగుచేసే పని. ఏ మోటారునైనా ఆయన ముందు చెవితోనే చూస్తారు. స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. "మీ ఆయన ప్రార్థనలో ఉన్నాడా, డ్యూటీలో ఉన్నాడా?" అని చర్చిలో అందరూ ఆయన భార్య లూసీని ఆటపట్టించేవారు.

ఆ తెలుగు చర్చికి ఘనా నుంచి వచ్చిన విద్యార్థి సెలోమ్ కూడా వచ్చేవాడు. లూసీ ఆంటీ పులిహోర కోసమేనని దాచకుండా చెప్పేవాడు. వాళ్ళక్క అఫీ అక్కడి ఊళ్ళో చిన్న ఉల్లిపాయలు పండిస్తుంది. వానల్లేని నెలల్లో బావినీళ్ళు మోసి మళ్ళు తడుపుతుంది. 1985లో ఆ ఊరికి కరెంటొచ్చిందని వినగానే దైవాశీర్వాదంగారు ఒక పాత పంపుసెట్టు బాగుచేసి, తన గరాజ్‌లో నడిపి చూసుకుని, ఓడలో పంపించారు.

కొన్నాళ్ళకి అఫీ గొంతుతో క్యాసెట్ వచ్చింది.

"థాంక్స్ చెప్తోంది అంకుల్," అన్నాడు సెలోమ్. "మళ్ళీ థాంక్సే. ఇప్పుడు అందరూ పాడుతున్నారు."

లూసీ కళ్ళు తుడుచుకుంది. ఆ భాష తెలియని దైవాశీర్వాదంగారు మాత్రం పాట వెనకాల తిరుగుతున్న మోటారును వింటున్నారు.

"ఆపు. రివైండ్ చెయ్యి."

"ఏంటండీ, వాళ్ళంత బాగా పాడుతుంటే!"

"పంపు నీరసంగా తిరుగుతోందే. పైమళ్ళకి నీళ్ళెక్కవు."

సెలోమ్ ఆమెను దగ్గరి పట్నంలో పోస్టాఫీసుకి రప్పించి ఫోన్‌లో అడిగితే అఫీ చాలాసేపు నసిగింది. నిజమే, పైమళ్ళు వాడిపోతున్నాయి. ఊరికే ఇచ్చినదానికి వంక ఎలా పెట్టడమని ఊరుకుందట.

"ఇక్కడి కరెంటు ఫ్రీక్వెన్సీ, అంటే వేగం, ఎక్కువ. అక్కడిది మన బాపట్లలోలాగే తక్కువ," అన్నారాయన తల పట్టుకుని. "మోటారుకి ఆ కరెంటు సరిపోతుంది కానీ నెమ్మదిస్తుంది. పంపు వేగం తగ్గకుండా మోటారుకి బెల్టు తిప్పే పుల్లీ పెద్దది వేసి పంపాల్సింది."

"బాపట్లలో పుట్టి బాపట్లనే మర్చిపోయారన్నమాట!" అంది లూసీ.

ఆ వారమే ఘనా వెళ్తున్న ఒకతని చేతికి పెద్ద పుల్లీ, దానికి సరిపడా బెల్టు ఇచ్చారు. "ఇక థాంక్స్ వద్దమ్మా, ఏం బాగాలేదో చెప్పు," అని సెలోమ్ చేత వాళ్ళ భాషలో చెప్పించి ఒక క్యాసెట్ కూడా పంపారు.

కోతలయ్యాక జవాబొచ్చింది. ఈసారి పంపు చప్పుడు హుషారుగా ఉంది. పైమళ్ళు కూడా పండాయట, ఉల్లి జడలల్లి చూరుకి వేలాడదీశారట.

తరవాత అఫీ గొంతు పెరిగింది. సెలోమ్ మొహమాటపడ్డాడు. "అదీ... బెల్టు కీచుమంటోందట అంకుల్. మేకలు బెదురుతున్నాయట. ఇదేం బెల్టని అడుగుతోంది."

దైవాశీర్వాదంగారి మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య! నోరు తెరిచి అడిగింది తల్లి," అంటూ కొత్త బెల్టు వెతకడానికి లేచారు.