పన్నెండుకి పదహారు చెప్పినాను

నలభై ఏండ్లకి పైగా ఒక మాట నా గొంతులో అట్లే కూర్చోని ఉండాది. అన్నం తింటే కిందికి పోలేదు, నీళ్ళు తాగినా పోలేదు. మా ఇంటాయనకి చెప్పలేదు. చెప్దాం చెప్దాం అనుకుంటా ఉండంగానే ఆయన పోయినాడు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్తా ఉండాను. నా పేరు వేయొద్దని పాపకి చెప్పినాను. పాప అంటే నా మనవరాలు, నేను చెప్తా ఉంటే ఫోన్లో కొడతా ఉండాది. సరి చేయొద్దు పాపా, నేను ఎట్లంటే అట్లే కొట్టు.

భయం. మొదట అది చెప్పాల. అప్పుడు నేను చేసిందంతా భయంతోనే చేసినాను. ఇప్పుడు చెప్పేది కూడా భయంతోనే చెప్తా ఉండాను.  

అప్పుడు మేము కోలారు బంగారు గనుల తట్టు, కేజీఎఫ్‌లో, కోరమండల్‌లో ఉంటిమి. మా ఇంటాయన గని ఆఫీసులో గుమాస్తా. ఇల్లు కంపెనీది, కరెంటు కంపెనీది, నీళ్ళు కంపెనీవి. శనివారం మేము పేకాడే క్లబ్బు కూడా కంపెనీదే. పేక అంటే రమ్మీ కాదు, బ్రిడ్జి. తెల్లోళ్ళు వదిలిపెట్టి పోయిన ఆట. మనోళ్ళు పట్టుకున్నారు, ఆడోళ్ళు కూడా పట్టుకున్నారు.

ఆట తెలీనోళ్ళకి రెండు మాటలు చెప్తాను. నలుగురు కూర్చుంటారు, ఎదురెదురుగా ఉండేవాళ్ళు జత. ముక్కలు చూపించకూడదు. వేలంపాట మాదిరి పాట పాడి, ఆ పాటలోనే నీ చెయ్యి ఎంత బలమో జతకి తెలిసేటట్ల చేయాల. ఆసుకి నాలుగు పాయింట్లు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. తురుపు లేకుండా ఆడతాను అనేదానికి ఒక నోట్రంప్ అంటారు. ఎన్ని పాయింట్లుంటే ఆ మాట అనాల? అది ఒక్కొక్క జత ఒక్కొక్క మాదిరి పెట్టుకోవచ్చు. పెట్టుకున్నది మాత్రం దాచకూడదు. అట్ట మీద రాసి టేబులు మీద పెట్టాల. ఎదుటోళ్ళు అడిగితే పాట పాడిన మనిషి గమ్మున ఉండాల, ఆ మనిషి జత నిజం చెప్పాల. ఆట మొత్తంలో నోరు తెరిచి నిజం చెప్పాల్సిన చోటు అది. నేను అబద్ధం చెప్పింది సరిగ్గా ఆ చోటులోనే.

నా జత కమల. బడిలో లెక్కల టీచరు, నాకంటే ఆరేండ్లు చిన్నది. అక్కా అక్కా అని పొద్దు మునిగేలోపల ఒకసారి మా వంటింట్లోకి రాకపోతే ఆయమ్మకి జరగదు. క్లబ్బులో అందరూ పదహారు నుంచి పద్దెనిమిది పాయింట్లుంటేనే ఒక నోట్రంప్ అనేవాళ్ళు. మేమూ అంతే. ఆ యేడు కప్పు పోటీకి ముందర కమల లెక్క వేసుకోని వచ్చింది. పదహారు చేతికి ఎన్నిసార్లు వస్తాది అక్కా, పన్నెండు పదమూడు అయితే మాటిమాటికీ వస్తాది, ముందు మనం నోరు తెరిస్తే వాళ్ళకి పాడేదానికి చోటుండదు అనింది. నేను సంగటి కెలుకుతా ఉన్నాను. సరే పన్నెండు నుంచి పద్నాలుగు అన్నాను. నాకేమి బలవంతం లేదు. ఒప్పుకున్నాను. ఇది గట్టిగా రాసుకో పాపా.

నోట్‌బుక్కు కాగితం చించి దాని మీద ఆ పన్నెండు లెక్క, దానికి నేను అనాల్సిన జవాబులు కూడా రాసిచ్చింది. నేను రెండు కళావరు అంటే, నీకు నాలుగు ఆటీన్లుగానీ నాలుగు ఇస్పేట్లుగానీ ఉండాయా అని అడిగినట్ల. నేను రెండు డైమన్లు అంటే అవి డైమన్లు కాదు, నా దగ్గర అయిదు ఆటీన్లు ఉండాయి, నువ్వు ఆటీను అను అని చెప్పినట్ల. ఒకటి అని ఇంగొకటి అర్థం చేసుకోవాలంటే అది ఆట కాదమ్మా, సంసారం అన్నాను నేను. కమల పడిపడి నవ్వింది. ఆయమ్మకి అప్పటికి పెండ్లి కాలేదు.

అట్ట మార్చి సెక్రెటరీకి ఇచ్చే పని నాది. మరిచిపోయినాను అని ఇన్నేండ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. రెండుసార్లు క్లబ్బు మెట్ల దాకా పోయి వెనక్కి వచ్చినాను. ఎందుకంటే మా ఇంటాయన ముందురోజు ఒక మాట అన్నాడు. ఆ పోటీలో వాళ్ళ ఆఫీసరు భార్య ఆడతాది, ఆయమ్మ ముందర కొత్త తెలివితేటలు చూపించొద్దు, ఇల్లు కంపెనీది అని. అంతే అన్నాడు. నాకు అదే చాలినంత.

అయితే కమలకి ఆ సంగతి చెప్పొచ్చు గదా? పాత మాదిరే ఆడదాం అనొచ్చు గదా? అనలేదు. కమల ముందర పిరికిదాన్ని కాకూడదు, దొరసాని ముందర పొగరుబోతును కాకూడదు. రెండూ కావాల నాకు.

పోటీలో ఆఖరి టేబులు. కమల ఒక నోట్రంప్ అనింది. ఆయమ్మ పక్కన, వరుసలో తరువాత కూర్చోనింది ఆ ఆఫీసరు భార్యే. ఆ దొరసాని ముక్కలు మూసి పెట్టుకోని నా తట్టు చూసింది, ఎంతమ్మా అని అడిగింది. పాత అట్ట ఆయమ్మ ముందరే ఉండాది. పన్నెండు అంటే, మరి అట్ట మీద వేరే ఉండాదే అంటాది. అప్పుడు సెక్రెటరీ వస్తాడు, అందరూ తిరిగి చూస్తారు, సోమవారం మా ఇంటాయన ఆఫీసుకి పోవాల.

పదహారు నుంచి పద్దెనిమిది అండీ అన్నాను.

కమల కండ్లు పైకి లేచినాయి. ఆట మధ్యలో నోరు తెరవకూడదు గదా, తెరవలేదు. నియమం తప్పని మనిషి. ఆఫీసరు భార్య చేతిలో మంచి ముక్కలే ఉండినా, కమల దగ్గర పదహారు ఉండాదని భయపడి పాస్ అనింది. మిగతా ఇద్దరమూ పాస్. మేము పాడినదానికి రెండు పట్లు తక్కువై కొంచెమే ఓడినాము, కానీ వాళ్ళు పాడి ఉంటే ఇస్పేట్లలో పెద్ద ఆట వాళ్ళదే. ముక్కలన్నీ పడినాక ఆయమ్మ వేలితో కమల పాయింట్లు లెక్కపెట్టింది. పదమూడు.

వెనక గదిలోకి పిలిచినారు. కమిటీవాళ్ళు ముగ్గురు. కమల ఏమీ దాచలేదు. పన్నెండు అని ఇద్దరమూ అనుకున్నాము, అక్క అట్ట మార్చడం మరిచిపోయి ఉంటాది, కంగారులో పాతది చెప్పి ఉంటాది, తప్పు ఇద్దరిదీ, కావలిస్తే ఆ ఆట తీసేయండి అనింది. నన్ను కాపాడతా చెప్పింది పాపా. నాకు దోవ వేసి చెప్పింది. అవునండీ అంటే చాలు. అంతే ఉన్నింది పని.

"ఏమమ్మా, ఈయమ్మ చెప్పేది నిజమేనా?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"లేదు సార్. మాది ఎప్పుడూ పదహారే."

కమల నా చెయ్యి పట్టుకునింది. "భయపడొద్దక్కా. నేను రాసిచ్చిన చీటీ ఉండాది గదా. చూపించు."

"ఏ చీటీ?" అన్నాను నేను.

చీటీ నా జాకెట్టులో ఉన్నింది. ఆ పొద్దు జవాబులు మరిచిపోతానేమో అని పెట్టుకోని పోయినాను. చెమటకి తడిసి రొమ్ముకి అతుక్కోని ఉన్నింది. ఊపిరి పీలిస్తే కాగితం చప్పుడు చేస్తాదేమో అని ఊపిరి బిగబట్టినాను. కమల నా మొగం చూసింది.  నా చెయ్యి మెల్లగా వదిలేసింది. తిట్టి ఉంటే బాగుండు.

తప్పుగా పాడినందుకు కాదు వాళ్ళు ఆయమ్మని క్లబ్బు నుంచి తీసేసింది. దొరికిపోయినాక జత మీద నెట్టింది, దొంగ బుద్ధి అని తీసేసినారు. గోడకి కాగితం అంటించినారు. ఆ మాట క్లబ్బులో నిలబడతాదా? బడికి పోయింది. నల్లబల్ల మీద ఎవురో పిల్లోళ్ళు రాసినారంట, పదమూడుకి పదహారు చెప్పే లెక్కల టీచరు అని. చెప్పింది నేను. రాసింది ఆయమ్మ పేరు. ఆ యేడు పరీక్షలు కాంగానే గౌనిపల్లి తట్టు ఏదో బడికి పోయిందని విన్నాను. చీటీని నేను రాళ్ళపొయ్యిలో వేసి, బూడిద కూడా కలబెట్టినాను. మా ఇంటాయన ఆ వారమంతా నాతో మెత్తగా మాట్లాడినాడు. ఆయనకి ఏమి తెలుసో నాకు తెలీదు. అడిగేదానికి నాకు ధైర్యం లేదు.

ఇప్పుడు ఎందుకు చెప్తా ఉండానంటే, పోయిన నెల ఇక్కడ కోలారు పక్కన తమకలో కంటి డాక్టరు దగ్గర కూర్చోని ఉన్నాను. పాప మందులకి పోయింది. పక్క కుర్చీలో ఒక ముసలామె, ఒక కంటికి గుడ్డ కట్టి ఉండారు, ఇంగొక కంట్లో చుక్కలు వేసినారు, మూసుకోని ఉండాది. నర్సు అడిగితే ఎన్నో నంబరో నేను చెప్పినాను. అప్పుడు ఆయమ్మ తల తిప్పింది.

"మీ గొంతు నాకు తెలిసినట్ల ఉండాదే. యాడుంటారమ్మా?"

కమల. గొంతు ఏమీ మారలేదు.  చెప్పులు చేతిలోకి తీసుకోని, చప్పుడు కాకుండా లేచి బయటికి వచ్చేసినాను. డెబ్బై ఎనిమిదేండ్ల మనిషిని, చెప్పులు చేతపట్టుకోని, కండ్లు మూసుకోని ఉండే మనిషి నుంచి పారిపోయినాను. ఆ పొద్దు ఆఫీసరు భార్య ఉన్నింది, కంపెనీ ఇల్లున్నింది, మొగుడి ఉద్యోగమున్నింది. ఇప్పుడు ఏముండాది? గని లేదు, క్లబ్బు లేదు, ఆయన లేడు. ఎవురికి భయపడినాను? అయితే ఆ పొద్దు కూడా వాళ్ళకి కాదేమో నేను భయపడింది. ఇది తెలిసినాక నిద్ర పట్టలేదు.

పాప కొట్టడం నిలిపేసి నన్ను చూస్తా ఉండాది. చూడనీ. ఈ చూపుకే నలభై ఏండ్లు భయపడినాను.

క్షమించమని ఆఖరున ఒక మాట పెడదామా అవ్వా అని అడిగింది. వద్దన్నాను. ఆ మాట పెడితే ఆయమ్మ మీద ఇంగొక పని పెట్టినట్ల. గురువారం నాకు మళ్ళా కండ్లు చూపించే రోజు. ఆయమ్మకి కూడా అదే రోజు చీటీ ఇచ్చినారని ఆ పొద్దు నర్సు అంటా ఉంటే విన్నాను. పోతానో లేదో ప్రమాణం చేయలేను. పోయినా చెప్తానో లేదో తెలీదు. చెప్తే ఆయమ్మ లేచి పోవచ్చు, అది ఆయమ్మ ఇష్టం.

కమల చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం.

మళ్ళా ఒకసారి అంటాను, కొట్టు పాపా. కమల చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం. ఈసారి నోరు తిరిగింది.