తృప్తికరం అని రాసిన మేడ

1987 మే పదకొండున మధ్యాహ్నం మూడు గంటలకు, రేపల్లెలోని కొత్త ఆఫీసు మేడ మీది హాల్లో నలభై రెండు డిగ్రీలుంది. వర్క్ ఇన్‌స్పెక్టర్ బసవేశ్వరరావు తన సొంత థర్మామీటరును మేకుకు తగిలించి, పావుగంట ఆగి వేసుకున్న అంకె అది. కింద వేపచెట్టు నీడలో ముప్పై తొమ్మిది.

ఆయనది నందివెలుగు, ఉద్యోగం తెనాలిలో. కొత్తగా కట్టిన సర్కారు ఆఫీసులు మనుషులు కూర్చోవడానికి పనికొస్తాయో లేదో చూసి సర్టిఫికెట్టు రాయడం ఆయన పని. తనిఖీ అని ముందే తెలిస్తే ఆఫీసరుగారి గదిలోని వట్టివేళ్ళ తడికలు తెచ్చి హాలు కిటికీలకు కట్టేవాళ్ళు. నీళ్ళు చల్లి, పొద్దున్నే చూపించి పంపేవాళ్ళు. అందుకని ఆయన చెప్పకుండా, మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చేవాడు.

టైపిస్టు మంగతాయారు బల్ల మీద నిండు గ్లాసు, దాని మీద మూత ఉన్నాయి.

"నీళ్ళు తాగవేంటమ్మా?"

"తాగితే దిగాలి కదండీ బాబాయిగారూ. ముప్పై నాలుగు మెట్లు. రోడ్డు దాటి సుందరమ్మగారి తలుపు కొట్టాలి. మొదటిసారి తీస్తుంది. రెండోసారి వెళ్తే, మీ గవర్నమెంటు మీకు చెంబు కూడా ఇవ్వలేదా అంటుంది."

మేడ మీద ఆడవాళ్ళు నలుగురు, మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళకు వెనక గోడ ఉంది. ఈ మేడకు మారిన ఆరు నెలల్లో మంగతాయారుకి రెండుసార్లు మూత్రంలో మంట, జ్వరం వచ్చాయి. నీళ్ళు బాగా తాగమని డాక్టరు చీటీ మీద రాసిచ్చాడు.

"మీరైనా రాయండి బాబాయిగారూ. మేం రాస్తే ఆడవాళ్ళ గోల అంటున్నారు."

ఆయన రాశాడు. పాత ఆఫీసు అద్దె పెంకుటిల్లు. అక్కడ కప్పు ఎత్తు, కిటికీలు ఎదురెదురు, కరెంటు పోయినా పని ఆగేది కాదు. వెనక మరుగుదొడ్డి ఉండేది. సముద్రపు ఊళ్ళ నుంచి అర్జీలతో వచ్చే జనం అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఇక్కడ వాళ్ళు మెట్ల మీద ఎండలో నిలబడుతున్నారు. కిటికీలకు అడ్డంగా ఫైళ్ళ ర్యాకులు. ఇదంతా ఒక కాగితం మీద పెట్టి, ఫారానికి గుచ్చి, 'సౌకర్యాలు' అన్న గడిలో అసంతృప్తికరం అని వేశాడు.

ఇంజనీరు వేంకటసుబ్రహ్మణ్యం పిలిపించాడు.

"ఫారంలో గోడలున్నాయి, కప్పుంది, తలుపులున్నాయి. వేడి ఎక్కడుందండీ ఇందులో?"

"హాల్లో ఉందండి."

"వేళాకోళం బానే ఉంది. మీ సర్టిఫికెట్టు లేక పాత ఇంటికి ఇంకా అద్దె పోతోంది, నెలాఖరుకి దాన్ని అప్పగించకపోతే నా పీకకి చుట్టుకుంటుంది. తృప్తికరం అని రాసివ్వండి. మరుగుదొడ్డి అదనపు పనుల్లో పెడతాను. ఇదుగో, మీ ఎదురుగానే."

ఫైలు అంచున పెన్సిల్‌తో రాశాడు: ఆడవారి దొడ్డి, మేడ మీద, జూలైలో.

ఆ శాఖలో ఆఫీసరు పెన్సిల్‌తో రాస్తే అది ఉత్తర్వే. టైపు కాగితం తీరిగ్గా వెనకాల వచ్చేది. ఇరవయ్యేళ్ళుగా అలాంటి రాతల మీదే గోడలు లేపించినవాడు బసవేశ్వరరావు. తన కాగితం తానే చింపి, కొత్త ఫారంలో తృప్తికరం అని సిరాతో రాసి సంతకం పెట్టాడు.

జూన్‌లో ఇంజనీరుకి బాపట్ల బదిలీ అయింది. బసవేశ్వరరావు అక్కడికీ వెళ్ళాడు. "ఇప్పుడది నా సెక్షన్ కాదు కదండీ" అన్నాడాయన, కాఫీ తెప్పించి. కొత్తగా వచ్చిన ఇంజనీరు ఫైలు వెలుతురుకి తిప్పి చూశాడు.

"పెన్సిల్ రాత ఎవరిదైనా కావచ్చు. సిరా మటుకు మీదేనండి."

మంగతాయారు రెండు అర్జీలు పెట్టింది. రెంటికీ ఒకటే జవాబు: సౌకర్యాలు తృప్తికరమని తనిఖీ అధికారి ధ్రువీకరించి ఉన్నారు. పేరు కూడా రాశారు.

మరుసటేడు ఆమెను తెనాలి ఆసుపత్రిలో చేర్చారు. ఆయన బత్తాయిలు తీసుకుని చూడబోయాడు.

"పళ్ళొద్దన్నారు బాబాయిగారూ. నీళ్ళు కూడా ఉగ్గుగిన్నెతో కొలిచి పోస్తున్నారు. ఇప్పుడు తాగుదామంటే డాక్టరు ఊరుకోడు" అంది. కోపంగా లేదు. ఆయన పళ్ళ సంచీ చేతిలోనే పట్టుకుని తిరిగొచ్చాడు. 1989 ఫిబ్రవరిలో ఆమె పోయింది. మూత్రపిండాలు పాడవడానికి డాక్టర్లు చాలా కారణాలు చెప్పారు. ఆయనకు ఒకటే వినిపించింది.

1996లో, రిటైరయ్యే నెలలో, మరమ్మతుల లెక్క కోసం అదే మేడ తనిఖీ మళ్ళీ ఆయనకే పడింది. టైపిస్టు కొత్తమ్మాయి. బల్ల మీద నిండు గ్లాసు, మూత. ఆయన ఫారం తీశాడు. అసంతృప్తికరం అని సిరాతో రాసి పంపాడు. పన్నెండు రోజులకు ఫారం తిరిగొచ్చింది: మీరే ఇచ్చిన పాత సర్టిఫికెట్టుకు ఇది విరుద్ధంగా ఉంది, సంజాయిషీ ఇవ్వగలరు. ఆయన సంజాయిషీ మూడు పేజీలు రాశాడు. అది పై ఆఫీసుకు చేరేసరికి ఆయన ఉద్యోగంలో లేడు. ఉద్యోగంలో లేనివారి సంజాయిషీ తీసుకోరు.

పాత సర్టిఫికెట్టే చెల్లుతోంది. అందులో 'భవనం ఆయుర్దాయం' అన్న గడిలో ఆయన వేసిన అంకె అరవై ఏళ్ళు. తొమ్మిది గడిచాయి.