కోత లేని ఆట

మిషన్ మోసం చేస్తదా, చెయ్యదా? ఈ ఒక్క ముచ్చట పట్టుకొని మా బాపు, కాక ఇద్దరు కల్సి నా పాణం తోడిండ్రు. నేనప్పుడు మందమర్రిల టీవీలు, రేడియోలు బాగుచేసే దుకాణంల పనిచేస్తుంటి. కరెంటుతోని నడిచేది ఏదైనా సరే, దాని కడుపుల ఏమున్నదో నాకు తెలిసే ఉంటదని ఇద్దరికీ గట్టి నమ్మకం. నా బొంద! వాళ్లు అడిగింది టీవీ కాదు, రేడియో కాదు, పత్తాలాడే, గదే పేకాట మిషన్.

ముందు కాక సంగతి చెప్పాలె. బాపు తోడబుట్టినోడు కాదు. కాక ఐతారం ఐతారం చర్చికి పోతడు, బాపు శనివారం ఒక్కపొద్దు ఉంటడు. డెబ్బయిలల్ల ఇద్దరు ఒక్క బాయిల నౌకరికి ఎక్కిండ్రు. మా దిక్కు బొగ్గుగనిని బాయి అనే అంటరు. బాపుది టింబర్ పని. తవ్వినకొద్ది పైకప్పు కూలకుంట కర్రలు నిలబెడుతడు. కాక డ్రిల్లరు. బాపు నిలబెట్టిన కర్రల కింద నిలబడి బొగ్గుకు బొక్కలు పెడుతడు. ఇరవై యేండ్లకు పైన గట్లనే పనిచేసిండ్రు.

షిఫ్టు దిగి తానం చేసినంక మా రేకుల పందిరి కింద సాప పడేది. నలుగురు కూసుండి రమ్మీ ఆడుతుండ్రి. పైసలు లేవు, ఏం లేవు. ఓడినోడు అందరికీ చాయ తాపియ్యాలె, గంతే. కాని బాపు ఆటకు ఒక కట్టు ఉండె. పత్తాలు కలిపినోడు కట్టను పక్కనోని ముందట పెట్టాలె. పక్కనోడు కోత కొయ్యాలె, అంటే మీది సగం ఎత్తి కింద పెట్టాలె. కోత పడకుంట బాపు ఒక్క పత్తా పంచడు. "కలిపినోని చేతిల ఏమున్నదో దేవునికి ఎర్క. కోస్తే వాని మతలబు వానికే ఎదురు తిరుగుతది" అంటుండె.

కాక మాత్రం ఎన్నడు కోత కొయ్యలే. కట్ట ముందటికి వస్తే రెండు వేళ్లతోని టకటక తట్టి "పంచురా" అంటుండె. తట్టుడంటే, నీ మీద నాకు అనుమానం లేదని. పక్కపొంటి కూసున్నోళ్లకు ఇది నచ్చకపోతుండె. ఎవలన్న నొసలు ముడిస్తే కాక గరమైతుండె. "వారీ! నా నెత్తి మీద కప్పుకు కర్ర నిలబెట్టిన చెయ్యిరా అది. గా కర్ర కింద నిలబడ్డ గని, గీ పత్తాల కాడ అనుమానపడాల్నా?" గా మాటకు బాపు మొఖం వెలుగుతుండె. నేను చూసిన.

బాపుకు ఒక్కటే రోగం, నోరు. ఎవడన్న అక్కెరకొచ్చే ముక్క పడేసిండంటే ఇగ చూడు. "కండ్లున్నయా, కడుపుల పడ్డయా? గుడ్డి గుర్రానికి పండ్లు తోముతున్నవురా!" అని వాడకట్టు మొత్తం ఇనబడేటట్టు తిడుతుండె. ఆ నోటికి తాళలేక ఇద్దరు రాకుంటైండ్రు. రిటైరైనంక ఇగ మిగిలింది కాక ఒక్కడే. పొద్దుగాల చాయ తాగిన కాడికెళ్లి బాపు కండ్లు మా గల్లి మలుపు మీదనే ఉంటుండె. కాక రాకపోతే బాపుకు దినమే లేదు. పేపరు సదువడు, గుడి కాడ కూసోడు, అవ్వతోని, అంటే మా అమ్మతోని కూడ ఆ పొద్దు సక్కగ మాట్లాడడు.

తొంభైలు సగం దాటినంక మా బస్టాండు కాడ వీడియో గేముల దుకాణం పడ్డది. కరీంనగర్ నుంచి ఎవడో మిషన్లు తెచ్చి పెట్టిండు. పోరలు కార్లు ఉరికించే మిషన్లు ముందట, లోపట పరద ఎనుక పత్తాల మిషన్ ఒకటి. పోకర్ అంటరట దాన్ని. బిళ్ల ఏస్తే తెర మీద ఐదు పత్తాలు పడుతయి. ఉంచుకునేటియి మీట ఒత్తి ఆపుకోవాలె, మిగిలినయి మారుతయి. జతలు కుదిరితే బిళ్లలు రాలుతయి, లేకపోతే నీ బిళ్ల మింగుతది. కాక మెల్లగ గా దిక్కు మరిగిండు.

బాపుకు తెలిసినంక ఇంటి మీద రేకులు ఎగిరిపోలే, గదే ఎక్కువ. కాక మల్లొక్కసారి మా పందిరి కిందికి వచ్చిననాడు, సాప మీద కూసోకముందే బాపు షురూ చేసిండు.

"కోత లేని ఆట ఒక ఆటనారా? అదే కలుపుకుంటది, అదే పంచుకుంటది. నువ్వు కొయ్యెటట్టు లేదాయె. మోసం గాకపోతే ఏంది?"

"మిషన్‌కు చుట్టాలున్నరా, పక్కాలున్నరా మోసం చెయ్యనీకి?" అన్నడు కాక. "అయినా కోత కోత అంటున్నవు. నీ కట్టను నేను ఎన్నడన్న కోసిన్నా? గన్ని యేండ్లు తట్టుడే గద. మరి గది మోసమేనా?"

బాపు మొఖం నల్లగైంది. పత్తాలు బర్ర బర్ర కలిపి కాక ముందట పెట్టిండు.

"అయితే ఇయ్యాల కొయ్యి" అన్నడు.

కాక చెయ్యి ముందటికి రాలే. బాపు మల్లన్నడు, "కొయ్యి!" అని. కాక అప్పుడు సగం కట్ట ఎత్తిండు. ఎత్తిండో లేదో పత్తాలన్ని సాప మీద, నేల మీద, చాయ గిలాసల చెల్లాచెదరుగ పడ్డయి. కాక ఏరలే. లేచి చెప్పులు ఏసుకొని పోయిండు. "చూసినవా, నా మొఖం మీద ఇసిరికొట్టి పోయిండు!" అని బాపు ఒంటిగనే పత్తాలు ఏరుకున్నడు. ఆ పొద్దు నుంచి ఇద్దరికి మాటల్లేవు.

ఇగ నా గతి చూడుండ్రి. ఇంట్ల బాపు: "నువ్వు చదువుకున్నోనివి గద, పోయి వానికి చెప్పు అది దొంగ మిషన్ అని." బజార్ల కాక: "మీ బాపుకు జర చెప్పరా తమ్మీ, మిషన్ల మనిషి ఉండడని." ఇద్దరి నడుమ నేను రోట్లె తలకాయ పెట్టినట్టయింది. నేను చెప్పేది ఒక్కటే, నాకు తెల్వదు. తెల్వదంటే బాపు నన్ను కాక దిక్కు లెక్కేసిండు, కాక నన్ను బాపు దిక్కు లెక్కేసిండు. ఏం మనుషులురా దేవుడా!

తెల్సుకుందామని నేను కూడ పోయి నిలబడ్డ. ఆడేటోళ్లను అడిగితే తలా ఒక మాట. జీతాల దినం బిగబడుతదని ఒకడు, మస్తు మింగినంక కక్కుతదని ఇంకొకడు, ఎడమచెయ్యితోని ఒత్తాలెనని మరొకడు. ఒక్కని మాటకు ఆధారం లేదు. గెలిచినోడు మంచి మిషన్ అంటడు, ఓడినోడు దొంగ మిషన్ అంటడు. నాకు మండింది. మనిషి కలిపితే చేతుల దిక్కు చూడొచ్చు, మొఖం దిక్కు చూడొచ్చు. తెర దిక్కు ఎంతసేపు చూస్తవు?

తర్వాత ఒకనాడు దాని తెర పాడైంది. కరీంనగర్ నుంచి మనిషి రానీకి ఆలస్యమైతదని దుకాణపాయన నన్ను పిలిచిండు. పండుగ లెక్క ఉరికిన. ఎనుక తలుపు తీస్తే పిక్చర్ ట్యూబ్ నాకు ఎర్కున్నదే. దాని పక్కన ఆకుపచ్చ బోర్డు, దాని మీద నల్ల చిప్పులు, ఒక మూలకు చిన్న చిన్న స్విచ్చులు వరుసగ. కొన్ని మీదికి, కొన్ని కిందికి. గవి ఎందుకో ఎక్కడ రాసిలేదు. "ఇవేంది?" అన్న. "తమ్మీ, నువ్వు తెర వరకే చూడు" అని దుకాణపాయన నా మెడ మీదనే నిలబడ్డడు. పత్తాలు కలిపేది గా చిప్పులల్లనే. అది నాకు రాదు. చెయ్యి దూరంల ఉన్నది, అయినా తెల్వదు. గంత కోపం నాకు ఎన్నడు రాలే.

బొమ్మ వచ్చినంక, ఆడి చూడుమని అక్కడనే కూసున్న కాకను పిలిచిండు. అప్పుడు చూసిన. బిళ్ల కాక ఎయ్యలే, దుకాణపాయననే ఏసిండు, రోజు ఏసేటట్టు. పత్తాలు పడ్డంక కాక మీటలను ఏళ్లతోని ఒత్తలే. పిడికిలి కిందిభాగంతోని గుద్దుతుండు. ఏళ్లు తెల్లగ, కట్టెల లెక్క అట్లనే ఉన్నయి.

బయటికి తీస్కపోయి చాయ చెప్పిన. గిలాస పట్టుకోలే. సాసర్ల పోయించుకొని రెండు అరచేతులతోని ఎత్తుకొని తాగిండు.

"ఎన్నొద్దుల నుంచి కాకా?"

"బాయిల ఉన్నప్పుడే షురువైంది. డ్రిల్లు వణుకుడు చేతి ఏళ్లల్ల కూసున్నది. ఇప్పుడు ఏడ ముట్టినా తెల్వదు. పదమూడు పత్తాలు పడితే పదమూడు జారుతయి."

"మరి ఆనాడు కోత..."

"ఇసిరేసిన్ననుకున్నడా? అనుకోనియ్యి."

"మిషన్ మోసం చేస్తలేదని కొట్లాడితివి గద!"

కాక నవ్విండు. "చేస్తదిరా. చేస్తదనే అనుకుంటున్న. కాని నా పత్తాలు అది పట్టుకుంటది. మీ బాపుకు చెప్పకు. తెలిస్తే జాలిపడుతడు. వాడు తిడితేనే నాకు మంచిగుంటది."

ఒక్క ముచ్చట చెప్పుకుంటే అయిపోయేదానికి ఇద్దరు గిన్ని దినాలు నన్ను కాల్చుక తిన్నరు! కొన్ని దినాలకు కాక ఇల్లు అమ్ముకొని ధర్మపురి దిక్కు తన ఊరికి పోయిండు. బస్సెక్కిన పొద్దు మా గల్లి మలుపు కాడ జరసేపు నిలబడ్డడట. బాపు ఇంట్లనే ఉండి గడప దాటలే. అవ్వ ఎంత చెప్పినా, "నన్ను కాదని మిషన్‌కు మొక్కినోడు" అని ఒకటే పాట.

గాపొద్దు నా ఓపిక పోయింది. కాక చెప్పొద్దన్నడు గని, చెప్పకపోతే నా గుండె పగిలేటట్టుంది. "నువ్వు గొప్ప ఆటగానివే గని, పక్కన కూసున్నోని చేతులు చూసినవా బాపూ? ఆయనకు పత్తా పట్టరాదు! నీ మొఖం మీద ఇసిరికొట్టలే, చేతిలకెళ్లి జారినయి. నువ్వు జాలిపడుతవని చెప్పలే" అని ఉన్నదున్నట్టు మొత్తం కక్కిన. బాపు నా దిక్కు చూసిండు. "గందుకే ఏరలేదా" అన్నడు, గంతే. అన్నం తినలే.

తెల్లారి పాత కర్రముక్క ఒకటి తీసి, రంపంతోని దానికి సన్నగ గీతలు కోసుడు పెట్టిండు. లోతు సరిగ్గ కుదరక రెండు ముక్కలు పాడు చేసిండు. మూడోది కుదిరింది. పత్తాలు నిలబెడితే వరుసగ నిలబడుతున్నయి. దాన్ని తువ్వాలల చుట్టుకొని, "నడువు" అన్నడు నాతోని.

మంచిర్యాలల బస్సు మారి, రాయపట్నం వంతెన దాటి పోయినం. కాక మమ్ముల చూసి లేవలే, మంచం మీదనే జరిగి జాగ ఇచ్చిండు. బాగున్నవా అని ఇద్దరిల ఎవలు అడగలే. బాపు కర్ర తీసి కాక ముందట పెట్టిండు. కాక దాన్ని అరచెయ్యితోని నిమిరి, నా దిక్కు గుర్రుగ చూసిండు. బాపు పత్తాలు కలిపి కట్టను ముందటికి జరిపిండు. కాక మొద్దుబారిన రెండు వేళ్లతోని తట్టిండు. టకటక కాలే, మెత్తగ సప్పుడైంది.

"పంచురా."

ఆ పొద్దు కాక వరుసగ గెలిచిండు. కర్రలకెళ్లి ముక్కలు తీసి అరచెయ్యితోని నూకుకుంట, "ఏందిరా, ఇయ్యాల నీ నోరు లేస్తలేదు?" అని ఒకటే ఎగతాళి. బాపు ఒక్క తిట్టు తిట్టలే. ఇంక ఆడుదామా అని కాకనే అడిగిండు, ఆడిండ్రు. అప్పుడు కూడ కాకనే గెలిచిండు. నాకు నమ్మబుద్ధి కాలే. బాపు వరుసగ ఓడుడు నా పుట్టి బుద్ధెరిగినంక చూడలే.

మల్లొస్తమని చెప్పి లేచినం. తిరుగు బస్సు వంతెన మీదికి వచ్చినంక నాకు పాత మంట గుర్తుకొచ్చింది. గా మిషన్ సంగతి ఇంక తేలనే లేదు. గన్ని దినాలు నన్ను తిప్పలపెట్టి, ఇద్దరు ఆడుకుంట దాని పేరే ఎత్తలే.

"ఇంతకు గా మిషన్ మోసం చేసిందా, లేదా బాపూ? నువ్వేమంటవు?"

బాపు కిటికీలకెళ్లి గోదావరి దిక్కు చూస్తుండు.

"దాని సంగతి నాకేం ఎర్క కొడుకా" అన్నడు. "ఇయ్యాల నేను చేసిన. మంచి ముక్కలన్ని వానికే పోయేటట్టు పేర్చి, కలిపినట్టు చేసిన."

నేను బాపు దిక్కు తిరిగిన.

"కోసి ఉంటే అంతా చెడిపోయేది" అన్నడు బాపు. "వాడు కొయ్యడు."