ముందుగాల నా మీద చెయ్యి

డెబోరక్కకు ఒక్కటే పిచ్చి. వార్డులోకి కొత్తగా ఏది వచ్చినా రోగి కంటే ముందు తానే పరీక్షకు సిద్ధం. "ముందుగాల నా మీద చెయ్యి" అంటూ మంచమెక్కి పడుకుంటుంది. గోదావరిఖని దవాఖానలో ఈ హెడ్ నర్సు ఎక్కని మంచం లేదు, కట్టించుకోని కట్టు లేదు. ఒకసారి చక్రాల కుర్చీలో కూర్చుని బాత్రూం తలుపులో ఇరుక్కుపోయింది. వడ్రంగి వచ్చి చట్రం విప్పితే గాని బయటపడలేదు. సిగ్గుపడిందా అంటే, లేదు. "రోగులు రోజూ గిట్లనే తిప్పలు పడ్తున్నరన్నట్టు!" అని సంబరపడింది. ఆ తలుపు ఇప్పుడు వెడల్పుగా ఉంది.

కొత్తగా చేరిన దీపకు ఈ వేషాలకంటే పెద్ద వింత మరొకటి కనిపించింది. ఈ వార్డు నర్సులు ఊరుకోరు, ఎప్పుడూ ఏదో ఒకటి కొత్తగా చేసి చూస్తుంటారు. దీప అంతకుముందు పనిచేసిన చోట నర్సు నోరు తెరిస్తే చాలు, "చెప్పింది చెయ్యమ్మా" అనేవాళ్లు.

అలాంటి వార్డుకు ఎల్లేశం వచ్చాడు. బొగ్గుబాయిలో తాడుతో బొగ్గు టబ్బులు లాగే ఇంజను నడిపి రిటైరైన మనిషి. పక్షవాతంతో కుడి పక్కా, మాటా పడిపోయాయి. భార్య సమ్మవ్వ జావ తాగించబోతే ఎడమ చేత్తో గిన్నె తోసేస్తున్నాడు.

"ఒక్క బుక్క మింగయ్యా, నీ కాళ్లు మొక్కుత" అని ఏడ్చేది సమ్మవ్వ.

"రేపటికీ తినకపోతే ముక్కులో గొట్టం వేద్దాం" అన్నాడు పెద్ద డాక్టరు.

దీప తండ్రిదీ బాయి పనే. ఆమె భయపడుతూనే డెబోరక్క చెవిలో వేసింది. "అక్కా, బాయిల గంట ఒక్కసారి మోగితే ఆపుడు, రెండుసార్లయితే నడుపుడు. ఎల్లేశం కాకకు ఓ గంట కడ్తే?"

"మరి చూస్తవేంది? జల్ది తే! ముందుగాల నా మీద చెయ్యి."

దీప సంతకు పోయి మేక మెడకు కట్టే గంట తెచ్చింది. డెబోరక్క ఖాళీ మంచమెక్కి, దారం ఎడమ చేతికి కట్టించుకుని, మూతి వంకర పెట్టి అచ్చం రోగిలా పడుకుంది. ఒకసారి లాగింది. మోగింది. ఉత్సాహం ఆపుకోలేక గట్టిగా లాగింది. దారం తెగి, గంట వెళ్లి అప్పుడే రౌండ్సుకు వచ్చిన పెద్ద డాక్టరు బూటు మీద పడింది.

"ఏమిటీ సంత? ఎవరి పని ఇది?"

దీప మంచం వెనక్కి నక్కింది. డెబోరక్క పడుకునే చెప్పింది. "నాదే సార్."

తిట్లన్నీ ఆమే తిన్నది. దీప ఊపిరి పీల్చుకుంది గాని, మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఆలోచన నాదైతే, తనదంటుందేమిటి ఈమె?

డాక్టరు అటు పోగానే డెబోరక్క లేచి కూర్చుంది. "దారం పనికి రాదు పిల్లా, కట్టు గుడ్డ పేనుదాం."

మర్నాడు పొద్దున ఎల్లేశం చేతికి పేనిన తాడు కట్టారు. సమ్మవ్వ ఒక చెంచా పోసింది. గంట ఒకసారి మోగింది. సమ్మవ్వ చెయ్యి ఆగింది. ఎల్లేశం మెల్లమెల్లగా, కళ్లు మూసుకుని మింగాడు. అందరూ చూస్తూ నిలబడ్డారు.

గంట రెండుసార్లు మోగింది.

"అయ్యో! తిననన్లేదు, ఆగుమన్నడు! నేనే ఆగమాగం పోసిన" అని సమ్మవ్వ ఏడుస్తూ నవ్వింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా గంట మోగుతూనే ఉంది. గొట్టం డబ్బాలోనే ఉండిపోయింది.

పెద్ద డాక్టరు అబ్బురపడ్డాడు. "భలే ఆలోచన డెబోరా గారూ!"

"నాది కాదు సార్. కింద పడ్డ గంట నాది. మోగే గంట గీ దీపది."

దీపకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లుగా ఈ వార్డులో ఓడిన ప్రయోగాలన్నీ డెబోరక్కవి, గెలిచినవన్నీ చిన్న నర్సులవి. అంత పెద్ద మనసు అంత పొట్టి మనిషిలో ఎలా పట్టిందో!

డాక్టరు వెళ్లాక దీప నెమ్మదిగా అడిగింది. "అక్కా, పడ్డ గంట సుత నాదే కదా. ఎందుకు చెప్పలే?"

"గప్పుడు నీ పేరు చెప్తే, మళ్ల ఇంకో గంట కడ్తువా బిడ్డా?"