మల్లికి పెట్టిన పథ్యం

హజరత్తయ్య మీద నేను అరవని వారం లేదు. ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటలకు కాపలా ఉంటాడాయన. నేను ఆ పక్క ఊరి పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిని. ఆయనకు అరవై దాటాయి, నాకు ముప్పై నిండలేదు. అయినా తిట్టేది నేను, పడేది ఆయన. “కుక్క తుమ్మినా తీసుకొస్తావేం పెద్దాయనా, దానికి నీకంటే ఆరోగ్యం!” అంటే పళ్లూడిన నోటితో నవ్వేవాడు.

భార్య కామాక్షమ్మ ఎప్పుడో పోయింది. కూతురు భానుప్రియ కానుపుకు వస్తే పథ్యం ఎవరు చూస్తారని చుట్టాలు గొణిగారట. నేనున్నా గదా అన్నాడట ఈయన. వెల్లుల్లి కారం దంచి, కుంపటి పెట్టి, నలభై రోజులూ అన్నీ తానే చేశాడు. మగవాడు పోసిన పురుడని ఆడవాళ్లు ఎగతాళి చేసినా, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాడు.

కూతురు అత్తారింటికి వెళ్లాక ఆయనకు మల్లి మిగిలింది. గుంటల మీద వాలే నీటికాకుల్ని తరిమే నల్ల కుక్క. పోయిన నెల అది ఆరు పిల్లల్ని పెట్టింది. ఆ రోజే పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ఎట్ట చూసుకోవాల వినీలమ్మా దీన్ని?”

బర్రెలకు సూదులేసే హడావిడిలో ఉన్నాను. “బాలింతని చూసుకున్నట్టు చూసుకో, పో” అన్నాను. ఆ మాటన్న నోరు నాదే.

మూడు వారాలకు, ఒక మిట్టమధ్యాహ్నం, మల్లిని గోనెపట్టాలో చుట్టి మోపెడ్ మీద తెచ్చాడు. వెనక పిల్లల గంపతో పక్క గుంట కాపలాదారు పెంచల్. మల్లి కాళ్లు కట్టెల్లా బిగుసుకున్నాయి. ఒళ్లంతా వణుకు. చెయ్యి వేస్తే కాలిపోతోంది.

“కాళ్లు పట్టేసినాయి మా. నిన్న కుంటింది. చలి పట్టిందేమోనని కుంపటి పెట్టి, రాత్రంతా కప్పినా.”

కుక్కకు కండరాలు పట్టేయడానికి సవాలక్ష కారణాలు. ఎండలో పరుగెత్తి నీళ్లు చాలకపోయినా పడతాయి, విషం తిన్నా పడతాయి. పాలతో నిండిన దాని పొదుగు చూశాక నాకు వేరే అనుమానం రాలేదు.

“తిండి ఏం పెడుతున్నావు?”

“పథ్యమే మా. అన్నం, వెల్లుల్లి కారం. చేప తలకాయలు మానిపించినా. నీళ్లు కూడా కొంచెం కొంచెమే.”

నాకు ఒళ్లు మండిపోయింది. “నీకేం పుట్టింది పెద్దాయనా! ఆరు పిల్లలకు పాలిస్తోంది, ఒంట్లో కాల్షియమంతా ఆ పాలల్లోనే పోతోంది. నెత్తుట్లో అది తగ్గితే ఇట్లాగే బిగుసుకుపోతాయి. దానికి తోడు కుంపటా!”

ఆయన గోడకు జారగిలబడ్డాడు. “రొయ్యకు ఇదే తగ్గి బిగుసుకుపోయి వంకర తిరిగితే గుంటలో మినరల్ పొడి చల్లేది నేనే గదా మా. దీనికి తోచలేదే నాకు.”

డాక్టరు గారికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టే కాల్షియం సీసా మెల్లగా ఎక్కించాను. పెంచల్ తడిగుడ్డలు కప్పుతూనే ఉన్నాడు. సీసా సగమయ్యేసరికి కాళ్లు సడలాయి, వణుకు ఆగింది.

“తగ్గింది మా! తగ్గింది!” అని హజరత్తయ్య లేచాడు.

నేను దాని గుండె మీద చెయ్యి పెట్టాను. కొట్టుకోవడం ఆగిపోయింది. నా ముఖం చూసి ఆయనకే అర్థమైంది.

“నేను చేసిందేనా మా?”

“కాదు. ఏం పెట్టాలో చెప్పకుండా పంపింది నేను” అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు. ఆయన మీద అరిచినందుకు సిగ్గేసింది.

“నువ్వు సక్కంగానే చెప్పినావు. నా బిడ్డకు చేసినట్టే చేసినా.”

పెంచల్ మూలనున్న గంప తెచ్చి పక్కన దించగానే పిల్లలు ఆకలికి కుయ్యోమంటూ పాకి వచ్చి పొదుగు పట్టుకున్నాయి. లాగేద్దామని వంగాను. హజరత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“కాసేపు ఉండనీ మా. ఒళ్లింకా వెచ్చగానే ఉండాది.”